పది మిల్లీమీటర్ల దారి

రాజమండ్రిలో లివరు డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మా బావగారు విశ్వనాథరాజుగారికి వివరిస్తుంటే, నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తున్నాను.

మా ఆయన శ్రీనివాసరాజుగారు అప్పటికి రెండుసార్లు రక్తం కక్కుకున్నారు. "నువ్వు పెట్టిన కారాలే" అన్నారు మా అత్తగారు. కొడుకు పాతికేళ్ళ తాగుడు ఆవిడకి కనబడలేదు. ఆ రక్తపు దుప్పట్లు ఉతికింది నేను. లివరు గట్టిపడి, రక్తానికి దారి లేక, లోపల నరాలు ఉబ్బి పగులుతున్నాయట. లివరులోంచే కొత్త దారి తెరిచి, అది మూసుకుపోకుండా పొర కప్పిన స్టెంటు గొట్టం పెడతారట.

"ఎనిమిది మిల్లీమీటర్లదా, పదిదా అన్నదే ఆలోచించాలండి. వెడల్పుదైతే మళ్ళీ రక్తం పడే భయం తక్కువ. కానీ లివరు శుభ్రం చెయ్యని రక్తం తలకి చేరి మతి తప్పొచ్చు" అన్నారు డాక్టరుగారు.

"మతి తప్పితే ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"నువ్వు కాఫీ సంగతి చూడమ్మా" అని బావగారు డాక్టరు వైపు తిరిగారు. "పెద్దదే వేసేయండి. మళ్ళీ మళ్ళీ తిరగలేం."

హైదరాబాదు తీసుకెళ్ళి పదిదే వేయించారు. రక్తం ఆగింది. భీమవరం ఇంటికొచ్చిన మూడో వారం, పొద్దున్నే మాత్రలూ నీళ్ళ గ్లాసూ పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు.

"ఎవరండీ మీరు? అలా నిలబడిపోయారేంటండీ? కూర్చోండి. ఏమైనా తిన్నారా?"

గ్లాసు జారి పగిలింది. చేపల చెరువు దగ్గర కాపలా ఉండే బుల్లియ్యని కూడా అండి అని పిలిచే మనిషి, ఇరవై రెండేళ్ళుగా నన్ను "ఏమే" అనడమే. నేను తిన్నానో లేదో ఈ ఇంట్లో ఎవరూ అడిగింది లేదు. మంచం అంచున కూర్చున్నాను. "ఏ ఊరండీ మీది?" అన్నారు. పెనుగొండ అన్నాను. చెప్పండి అన్నట్టు నా మొహంలోకి చూశారు. చెప్పాను, చాలా చెప్పాను. సాయంత్రానికి చేతులు వాటంతటవే కొట్టుకోవడం మొదలై, కన్నతల్లినే గుర్తుపట్టలేదు.

మందులతో తగ్గలేదు. మళ్ళీ హైదరాబాదు పరిగెత్తాం. అక్కడి డాక్టరు సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చారు. బావగారు అందుకోబోయారు.

"నాకు చెప్పండి డాక్టరుగారూ" అన్నాను.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "ఆ స్టెంటులోనే ఇంకోటి పెట్టి దారి ఇరుకు చేస్తామండి. మళ్ళీ ఎప్పటి మనిషే అవుతారు. చెయ్యకపోతే కోమాలోకి వెళ్ళిపోవచ్చు."

ఎప్పటి మనిషే. పెన్ను అందుకున్నాను. ఇలాగే ఉండిపోతే, అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచన నాదేనా అని నేనే అదిరిపోయాను.

ఆ ఇంట్లో నన్ను కూర్చోమన్న ఒకే ఒక్క మనిషిని నా చేత్తోనే పంపేస్తున్నానని తెలిసే, సంతకం పెట్టాను.