వేరు పొయ్యి

నాలా పొంగి నయీంనగర్ రోడ్డు మీద పడవలు తిరిగిన ఏడు అది. నీళ్లు తీసిన వారానికి శకుంతల వాకిట్లో కూర్చొని బురద పట్టిన చాపలు కడుగుతోంది. పింఛన్ల తనిఖీ సారు వచ్చాడు.

"ఇంటి ముందల కారెవరిది?"

"నాదే సార్. కిరాయికి తిప్పుత," అన్నాడు తమ్ముడు ఉపేందర్.

"అయితే మీ అక్కకు వికలాంగుల పింఛన్ బందయితది. కారున్న కుటుంబానికి రాదు."

ఆ కారులో శకుంతల ఒక్కసారీ కూర్చోలేదు. కడిగింది మాత్రం చాలాసార్లు. పోలియో కాలీడ్చుకుంటూ ఇంటిల్లిపాదికీ వండేదీ, తమ్ముడి పిల్లలకు బడి డబ్బాలు కట్టేదీ ఆమే. చేతికి సొంతంగా వచ్చేది ఆ పింఛనొక్కటే. పోయినేడు అది ఆలస్యమైతే, నొప్పి గోలీలకు తమ్ముణ్ణి అడిగింది. "మూడు పూటలా తింటున్నవ్ గదా, ఇంక నీకేం ఖర్చే?" అన్నాడు. పక్కనే ఉన్న మరదలు సుహాసిని ఫోను చూసుకుంటూ ఉండిపోయింది. మళ్లీ ఆ మాట పడాలా?

"అక్క వేరే వండుకుంటది సార్!" అనేశాడు ఉపేందర్. గోలీల ఖర్చు తన మీద పడుతుందని అతని భయం.

"మరి ఆమె పొయ్యి ఏది? పొయ్యి వేరైతే కుటుంబం వేరని రాస్త. రేపొస్త, చూపియ్యుండ్రి."

సాయంత్రానికల్లా ఉపేందర్ చిన్న సిలిండరూ, ఒంటి స్టవ్వూ తెచ్చి అక్క గదిలో పెట్టాడు. "సారు చూసిపోయేదాక ఉండనియ్యి. మన వంట ఎప్పటి లెక్కనే."

మన వంట. వండేటప్పుడు తనొక్కదానిది, తినేటప్పుడు అందరిదీ. సర్కారు అడిగితే తమ్ముడి కారూ తనదే. గోలీలు అడిగితే మాత్రం ఏదీ తనది కాదు. ఎవరి మీదా కోపం రాలేదామెకు. కోపానికీ ఓపిక కావాలి.

మర్నాడు సారు వచ్చి, చూసి, రాసుకొని పోయాడు. పొద్దుగూకాక శకుంతల తన స్టవ్వు మీద పిడికెడు బియ్యం ఉడకేసుకుంది.

"వదినె, మాకెసరు పెట్టలేదా?" అంది సుహాసిని.

"వేరుపడ్డ గదమ్మా. సారు రాసుకపోయిండు."

ఉపేందర్ ఉరికొచ్చాడు. "నవ్వులాటనా అక్కా? అది సారుకు చూపియ్యనీకే గదనే!"

"అబద్ధమాడి తెచ్చుకునే పింఛన్ నాకొద్దురా. నిజమే చేసిన."

"వాడకట్టోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనీ. నాకు చాతనైతలేదురా."

ఆ రాత్రి వాళ్లు బయటినుంచి తెప్పించుకొని తిన్నారు.

తెల్లారి ఉపేందర్ బియ్యం గిన్నె పట్టుకొని ఆమె గడప దగ్గరికి వచ్చాడు.

"గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలె అక్కా?"

శకుంతల చెప్పింది. మంచం మీంచి లేవలేదు.