కోటగల్లీలో వేలిముద్ర

చంద్రవ్వ బోధన్‌కు వచ్చిననాడు కోటగడ్డ మీద ఇల్లన్నదే లేదు. కూలిన గోడ, తుమ్మచెట్లు, వానాకాలమంతా నీళ్లు నిలిచే కందకం. కోటగిరి నుంచి చెరుకు నరకడానికి వచ్చిన పదకొండు కుటుంబాలు అక్కడ గుడిసెలు వేసుకున్నాయి. గోడ తవ్విన మట్టి కందకంలో పోశారు. రాళ్లు పగలగొట్టి పునాదుల్లో వేశారు. ఆడవాళ్లతో పాటు చంద్రవ్వ తట్టలు మోసింది. ముందుండి గడ్డపార పట్టినవాడు ముత్తన్న. నలభై ఏళ్లలో గుడిసెలు డాబాలయ్యాయి, కందకం మీదుగా సిమెంటు రోడ్డు పడింది, కిరాణా కొట్లు, ట్యూషన్ సెంటరు వచ్చాయి. ఇప్పుడు కోటగల్లీ అంటే ఏ ఆటోవాడికైనా తెలుసు.

పైకి కనిపించే బురుజు ఒక్కటే మిగిలింది. అది చంద్రవ్వ ఇంటికి వెనక గోడ.

కిందటి మాఘంలో సర్వేవాళ్లు వచ్చారు. కోట గుర్తులు కాపాడాలనీ, గల్లీకి పట్టాలివ్వాలనీ హుకుం వచ్చిందట. కోటగోడ పగలగొట్టి కట్టిన ఇళ్లకు మాత్రం పట్టా లేదట.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేను మాట్లాడుత" అన్నాడు ముత్తన్న. చంద్రవ్వ ఒంటరి మనిషి, చదువు లేదు. అతను చూపిన చోట వేలిముద్ర వేసింది.

రెండు నెలలకు నోటీసు పట్టుకుని సర్వే మేడం శ్రీవాణి వచ్చింది. అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చదివి చెప్పింది. "మిగతా ఇండ్లు కోట బయట ఖాళీ జాగల కట్టినయట. మీరొక్కరే గోడ పగలగొట్టి కట్టుకున్నరట. ఖాళీ చేస్తనని మీరే వేలిముద్ర వేసిన్రు. కింద పదిమంది సాక్షులు."

"పేర్లు చదువు బిడ్డా."

మొదటి పేరు ముత్తన్నది. రెండోది రేణుకమ్మది. ఆమె మూడు కాన్పులకూ బొడ్డు కోసింది చంద్రవ్వే. మిగతా పేర్లు వినకుండానే లేచింది.

ఆమె పోయేసరికి ముత్తన్న ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఆపాడు.

"ఏం రాయించినవన్నా?"

"నీ బురుజు పైకి కనవడుతున్నది చెల్లె. మా రాళ్లు భూమిల ఉన్నయి. ఒక్క ఇల్లు పోతే గల్లీ అంత నిలుస్తది."

"గా ముచ్చట నాకు చెప్పొద్దా? నేనే సరే అందునేమో."

"అనకపోతే?"

చంద్రవ్వ వెనుదిరిగింది. నలభై ఏళ్లు పక్కపక్కన బతికి, తనను అడిగి చూసేంత నమ్మకం కూడా అతనికి కుదరలేదు. ఇల్లు పోతుందన్నదానికంటే అదే ఆమెను కోసింది.

మర్నాడు సర్వే ఆఫీసుకు పోయింది. "ఇల్లు తీస్కోన్రి మేడం. గోడ నేనొక్కదాన్నే పగలగొట్టలె. అందరం పగలగొట్టినం. గట్ల రాయిన్రి."

"అట్ల రాస్తే అందరి పట్టాలు ఆగిపోతయి అవ్వా."

చంద్రవ్వ లేచి నిలబడింది.

"ఆగనీ" అంది.

వారంలో సర్వేవాళ్లు మళ్లీ వచ్చి పునాదులు తవ్వి చూశారు. ముత్తన్న గడప కింద కోటరాయి బయటపడింది. పట్టాలు ఆగాయి. నల్లా దగ్గర రేణుకమ్మ బిందె ఎత్తుకుని ముఖం తిప్పుకుంది. "పాపిష్టిది" అని ఎవరో వినపడేలాగే అన్నారు. ఒక్కరూ ఆమె గుమ్మం తొక్కలేదు.

చంద్రవ్వ బట్టలు మూటకట్టుకుని డిచ్‌పల్లిలో అక్క కూతురింటికి బయలుదేరింది. ముత్తన్న ఎదురొచ్చి మూట అందుకోబోయాడు. ఆమె దాన్ని రెండో భుజానికి మార్చుకుని, బస్టాండు వైపు నడిచింది.