మొలతాడు

యలహంక పెద్దమునియప్పకు డాక్టర్ భుజంగరావును చూడగానే ఒళ్లు మండింది. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టే కొత్త పరీక్షకు తను ఒప్పుకున్నాడు గానీ, ఈ డాక్టర్ చేత మాటలు పడటానికి కాదు. కడుపు మీద తిరిగే అయస్కాంతం లోపలి గొట్టాన్ని నడిపిస్తుందట, దగ్గర్లో ఇనుము ఉండకూడదట. మునియప్ప మొలతాడుకున్న ఇనుప తాయెత్తు చూసి డాక్టర్ కత్తెర తెప్పించాడు.

"బతికుండేవానికి మొలతాడు తెంపుతారా అప్పా? అది పీనుగకు చేసేది."

"ఈ మూఢనమ్మకాలతోనే చస్తారు మీరు," అంటూ డాక్టర్ కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు. మునియప్ప పళ్లు కొరుక్కుంటూ పడుకున్నాడు.

డాక్టర్ మంచం మీదికి వంగగానే యంత్రం కూతపెట్టి ఆగిపోయింది.

"ఇంకా ఏం దాచావురా?"

యంత్రం చూసుకునే ఇంజనీర్ నళిని లోహాన్ని పసిగట్టే కర్రను మునియప్ప ఒంటినిండా తిప్పింది. అది పలకలేదు. డాక్టర్ వైపు తిప్పితే ఆయన నడుము దగ్గర కీచుమంది.

భుజంగరావు చెయ్యి చొక్కా కిందికి పోయింది. "ఈ తాయెత్తు మా అమ్మ కట్టింది," అన్నాడు మెల్లగా.

"నాదీ మా అమ్మ కట్టిందే," అన్నాడు మునియప్ప. "కత్తెర ఆడే ఉండాది, తీసుకోండప్పా."