కుదపకూడని ట్యూబు

పేగులో క్యాన్సర్ గడ్డ కోసి తీసేసి ఆరు వారాలైంది. గాయం మానింది, ఆకలి వేస్తోంది, కుట్టుమిషన్ ముందు గంటసేపు కూర్చోగలుగుతున్నాను. ఇక నన్ను వదిలెయ్యండి తల్లీ అంటే డాక్టరమ్మ వినలేదు.

"గడ్డ పోయింది. దాని నలుసులు ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే రక్తంలో జాడ తెలుస్తుంది. ఉంటే మందులు మొదలుపెడదాం. లేకపోతే మూడు నెలలకోసారి చూసుకుందాం" అంది.

నాకు వెంటనే అర్థమైంది. కుట్టిన ప్రతి చొక్కా మీదా ఇచ్చేముందు నేను అయస్కాంతం తిప్పుతాను. ఏ మడతలోనో ఒక గుండుసూది దాక్కునే ఉంటుంది.

నర్సు రక్తం తీసి, ట్యూబును మెల్లగా తిరగేసి, "ల్యాబు ఎదురు బిల్డింగులో. కుదపకుండా ఇచ్చి రండి" అని మా ఆయన చేతిలో పెట్టింది. ఆయనది ముప్పై ఏళ్ల మందుల షాపు. పిల్లల పొడిమందులో నీళ్లు పోసి కుదిపి కుదిపి ఇచ్చిన చెయ్యి. రోడ్డు దాటుతూ ఎడాపెడా ఊపేశారు. వద్దండీ అని నేను అనేలోపే అంతా అయిపోయింది.

మర్నాడు ఫోను. రక్తకణాలు చితికిపోయాయట, వెతకాల్సిన జాడ ఆ కలగాపులగంలో కలిసిపోయిందట, రక్తం మళ్లీ ఇవ్వాలట.

"ఒక్క ట్యూబు మోయడం కూడా చేతకాలేదా మీకు?" అని దులిపేశాను. ఆయన ఆ పూట అన్నం కెలికి వదిలేశారు. నాది కోపం కాదు, భయం. అది ఆయనకూ తెలుసు.

రెండోసారి ట్యూబు నేనే పట్టుకెళ్లాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నడిచారు.

రెండు వారాలకు డాక్టరమ్మ పిలిచింది. "జాడ ఉందమ్మా. చాలా కొంచెం. స్కానింగుకి కూడా ఇంకా అందనంత."

"నా వల్లే ఆలస్యమైంది" అన్నారు మా ఆయన.

"ఆ నాలుగు రోజులతో ఏం కాదండీ."

భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఇన్నేళ్లలో ఎవరికైనా గుచ్చుకున్నది నా కన్నుగప్పి వెళ్లిపోయిన సూదే. నాకు దొరికినది ఎవరికీ గుచ్చుకోలేదు.

"మందులు ఎప్పటినుంచి?" అన్నాను.

"సోమవారం."

ఇంటికొచ్చాక ఆయన నా బలం మందు సీసా తీసి, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"దీన్ని కుదపొచ్చా?"

"కుదపండి. దాని మీదే రాసుంది."

ఊపడం మొదలుపెట్టి, ఊపుతూనే ఏడ్చేశారు. కలిసింది లెండి, ఇక ఆపండి అని నేననలేదు.