కిటికీ కింది టిక్కుటిక్కు

మా ఆవిడ పగలు నిద్రపోతుంది. రొట్టెల బట్టీలో రాత్రి పని ఆమెది. తెల్లారాక వస్తుంది. జుట్టులో పిండి దులుపుకుని, ముఖం కడుక్కుని పడుకుంటుంది. నేను కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుంటాను. నా మిషను చప్పుడు ఆమెకు అడ్డం కాదు. పెళ్ళయినప్పటి నుంచీ వింటోంది. అది ఆగితేనే కళ్ళు తెరిచి, "ఏమైంది, దారం తెగిందా?" అంటుంది.

మేముండేది మొదటి అంతస్తు. కింద నాలుగు దారులు కలుస్తాయి. కిటికీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గరలో సిగ్నలు స్తంభం. ఆ స్తంభానికి ఒకరోజు ఒక డబ్బా బిగించారు. బళ్ళు పోయేటప్పుడు టిక్కు... టిక్కు... అని నిదానంగా కొట్టుకునేది. మనుషులు దాటడానికి పచ్చదీపం వెలిగితే టిక్కుటిక్కుటిక్కు అని గబగబా కొట్టుకునేది. కళ్ళు కనపడని పిల్లలు కొందరు ఆఫీసుల మెట్లు అరగదీసి సాధించుకున్న డబ్బా అది. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. అది రోజంతా ఆగదని మాత్రం తెలుసు.

మా ఆవిడకు నిద్ర కరువైంది. చెవుల్లో దూది పెట్టుకుంది. దిండు కింద తల పెట్టుకుంది. చివరికి బట్టీ ముందు నిలబడే కునికిపాటు పడి మోచెయ్యి కాల్చుకుంది. ఆ కట్టుతోనే రోడ్ల ఆఫీసుకు వెళ్ళి అరిచి వచ్చింది. మా ఆవిడ అరిస్తే ఆఫీసు కూడా పనిచేస్తుంది. వారం తిరక్కుండా డబ్బా నోరు మూశారు.

ఆ పొద్దున ఆమె, నీళ్ళ మీద వేసిన గుడ్డ తడిసి తడిసి అడుక్కి దిగినట్టు, నిద్రలోకి దిగింది. తెర ఊగుతూ ఉంది. ఆమె ముఖం మీద వెలుగు వస్తూ పోతూ ఉంది. నేను మిషను ఆపకుండా కుట్టాను, కుట్టేందుకు ఏమీ లేకపోయినా.

కొద్దిరోజులకు మెట్ల మీద కర్రల చప్పుడయింది. తలుపు తీశాను. ముగ్గురున్నారు. ముందు ఒక అమ్మాయి.

"టైలరు గారి ఇల్లు ఇదేనా? మిషను నూనె వాసన వస్తోంది."

"ఊఁ."

"ఊఁ అంటే ఇదేననా, కాదనా?"

"ఇదే."

"హమ్మయ్య, నోరుంది," అన్నాడు ఆమె వెనక ఉన్న పొడుగు కుర్రాడు.

ఆ అమ్మాయిని మిగతావాళ్ళు లీడరమ్మ అంటారు. ఆమెకు వెలుగూ చీకటీ ఒకటే. పొడుగువాడికి రంగులూ నీడలూ తెలుస్తాయి, అందుకని వాడి పేరు మసక. మూడోవాడి వేళ్ళు ఊరుకోవు. తలుపు మీద, గోడ మీద, మసక వీపు మీద వాయిస్తూనే ఉంటాడు. వాణ్ణి దరువు అంటారు.

మా ఆవిడ అప్పుడే నడుం వాల్చింది. లేచి కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ డబ్బా ఆపించింది మీరేనని చెప్పారు," అంది లీడరమ్మ.

"నేనే. ఏం?"

"నేను అవతల ఆసుపత్రిలో ఫోన్లు తీస్తాను. డబ్బా మోగినన్నాళ్ళూ ఒక్కదాన్నే దాటేదాన్ని. ఇప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకుంటారేమోనని రోడ్డు గట్టు మీద నిలబడుతున్నా. అందరికీ తొందరే. రోజూ ఆలస్యమవుతోంది. ఇంకోసారి ఆలస్యమైతే ఇక రావద్దన్నారు."

"చూడు ఈ చెయ్యి..." అని మా ఆవిడ నాలిక కరుచుకుంది.

లీడరమ్మ చెయ్యి చాపింది. మా ఆవిడ కట్టుకట్టిన మోచెయ్యి తెచ్చి అందులో పెట్టింది. ఆ అమ్మాయి కట్టు అంచు మీద వేలు నడిపించి, "కాలిందా?" అంది.

"నిద్రలేక."

మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఒకరి చెయ్యి ఒకరి చేతిలో.

"నీ మాట నిజమే తల్లీ. నా మాటా నిజమే. అది మోగితే నా చేతులుండవు. మోగకపోతే నీ ఉద్యోగం ఉండదు. ఏం చెయ్యమంటావ్?"

"మీరిద్దరూ పనులు మార్చుకోండి," అన్నాడు మసక. "లీడరమ్మ రొట్టెలు కాలుస్తుంది, మీరు ఫోన్లు తీయండి."

"నేను ఫోను తీస్తే రోగాలు వాటంతటవే కుదురుతాయి," అంది మా ఆవిడ.

నవ్వారు. నవ్వు అయిపోయింది, చిక్కు అలాగే ఉంది. కర్రలు మెట్లు దిగిపోయాయి.

మర్నాడు పొద్దున వాళ్ళే డబ్బా అయ్యారు.

మసక తలెత్తి దీపాల వైపు చూస్తూ నిలబడ్డాడు. దరువు తన కర్రతో ఇనుప స్తంభాన్ని నిదానంగా కొట్టాడు. మసక "పచ్చ" అనగానే గబగబా కొట్టాడు. అవతలి గట్టు మీద వాళ్ళ స్నేహితురాలు ఒకతె అదే దరువు అందుకుంది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య లీడరమ్మ, తాడు మీద వేలాడే బట్టలా కాక, దారం పట్టుకుని పోయే సూదిలా తిన్నగా దాటింది. స్తంభానికి ఒక అట్ట కట్టారు. "ఈ స్తంభానికి మాట వచ్చేదాకా మేమే దీని నోరు" అని దాని మీద రాసి ఉంది.

"ఏంటి బాబూ ఇది?" అని ఎవరో అడిగారు.

"సిగ్నలు డబ్బా అండీ," అన్నాడు దరువు. "పాతది మూగబోయింది. మేం కొత్త రకం. టీ పోస్తే ఇంకా బాగా పనిచేస్తాం."

రోజూ అంతే. ఆమె వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు. దాటగానే చప్పుడు ఆగిపోయేది. మా ఆవిడ నిద్రలోనే "మొదలెట్టారూ..." అని, ఆ మాట పూర్తికాకుండానే మళ్ళీ నిద్రపోయేది.

నేను గమనించకుండానే నా కాలు ఆ దరువుకు మిషను తొక్కేది. ఒక్కోసారి కళ్ళు మూసుకునేవాణ్ణి. అప్పుడు వీధి ఉండేది కాదు, వీధి చప్పుళ్ళు ఉండేవి. బస్సు ఒక గోడలా వచ్చి ఆగేది. సైకిలు ఒక గీతలా పోయేది. పావురాలు లేస్తే పైన ఎవరో పెద్ద దుప్పటి దులిపినట్టుండేది. వీటన్నిటి మధ్య టిక్కుటిక్కు అని సన్నని కాలిబాట ఒకటి పరుచుకునేది. దాని మీద నేను కూడా నడుస్తున్నట్టే ఉండేది, కుర్చీలోంచి లేవకుండా. కుట్టేవాడు అలా కళ్ళు మూసుకోకూడదు. గుడ్డ సంగతి తర్వాత, వేలు పోతుంది.

చలికాలం వచ్చింది. సాయంత్రపు ఎండ కిందికి దిగి, వీధి చివర రెండు మేడల సందులో, సరిగ్గా దీపాల వెనక నిలిచేది. కూడలి అంతా తేనె పోసినట్టయ్యేది. దుమ్ము కూడా అందంగా ఉండేది. నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే గాని ఏ దీపం వెలిగిందో తెలిసేది కాదు.

మసక అలా చెయ్యి పెట్టుకోలేదు. ముఖమంతా ఎండకిచ్చి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాడు. అవతలి గట్టు మీద లీడరమ్మ పని నుంచి వస్తోంది.

"పచ్చ," అన్నాడు.

దరువు గబగబా కొట్టాడు. అవతలి అమ్మాయీ కొట్టింది. లీడరమ్మ గట్టు దిగింది.

మనుషులకు ఎర్రదీపం ఉంది. ఇటుకల లారీ మలుపు తిరిగి వస్తోంది.

నాకు మాటలు తక్కువ. ఈయన మాటలు అరువు తెచ్చుకుని మాట్లాడతాడని మా ఆవిడ అంటుంది. అప్పుడు ఎవరిచ్చారో తెలియదు.

"ఆగు!"

కూడలి అంతా ఆగిపోయినట్టయింది. అమ్మాయి పాదం గాల్లో ఉంది. దరువు కర్ర గాల్లో ఉంది. ఎదుటి దుకాణం ముందు ఒకాయన నోటి దాకా తెచ్చిన కప్పు అలాగే పట్టుకున్నాడు. లారీ ఒక్కటే ఆగలేదు. అది ఆమె ముందు నుంచి పోయింది. దాని గాలికి ఆమె పైబట్ట ఇటువైపు ఎగిరి, మెల్లగా భుజం మీద పడింది.

వెనక మంచం కిర్రుమంది.

"ఏమయ్యా, ఎవరు అరిచింది?"

"నేనే."

"నువ్వా!"

ఆ ఆశ్చర్యంతోనే కిటికీ దగ్గరికి వచ్చింది. కిందికి చూసింది. విడిపోయిన జుట్టుతోనే మెట్లు దిగింది. వెనక నేను.

ఎవరో లీడరమ్మను ఇవతలికి తెచ్చారు. మసక గట్టు మీద కూలబడి ఉన్నాడు.

"కనపడనప్పుడు కనపడ్డట్టు ఎందుకు చెప్పావురా?" అంది మా ఆవిడ.

"పచ్చగానే ఉంది పెద్దమ్మా. నాకు అంతా పచ్చగానే ఉంది." ఏడ్చేశాడు. "మా అందర్లో కాస్త కనపడేది నాకే కదా. అందుకని..."

"ఏడవకురా," అంది లీడరమ్మ, వాడి తల ఎక్కడుందో వెతికి పట్టుకుని. "నా కాలు నాకే ఉంది. కావాలంటే తన్ని చూపిస్తా."

మా ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత స్తంభాన్ని, మూగడబ్బాను చూసింది.

"అయితే ఆ డబ్బా రోజంతా ఎందుకు కొట్టుకోవడం? వీళ్ళు కొట్టినట్టు, మీరు దాటేటప్పుడే కొట్టుకుంటే దాని సొమ్మేం పోయింది?"

"మేం అడిగింది అదే పెద్దమ్మా," అంది లీడరమ్మ. "మీట నొక్కితే మోగేది, నొక్కకపోతే కిక్కురుమననిది. వాళ్ళు రోజంతా మోగేది తగిలించి చేతులు దులుపుకున్నారు. మీరొచ్చి అరిస్తే దాన్నీ ఆపి మళ్ళీ దులుపుకున్నారు."

"అలాంటిది ఉందని నాకు చెప్పలేదే."

"మీరు ఉన్నారని మాకూ చెప్పలేదు."

మా ఆవిడ జుట్టు ముడి వేసుకుంది. ఆమె అలా బిగించి ముడి వేసిందంటే నేను దారిలోంచి తప్పుకుంటాను.

మర్నాడు అందరం రోడ్ల ఆఫీసుకు వెళ్ళాం. అధికారి మా ఆవిడనూ లీడరమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"ఈవిడ ఆపమన్నారు. మీరు పెట్టమన్నారు. ఎవరి మాట వినమంటారు?"

"ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే మాట," అంది మా ఆవిడ. లీడరమ్మ మీట సంగతి చెప్పింది. మా ఆవిడ చెయ్యి చూపించింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అధికారి దిక్కుతోచక నా వైపు చూశాడు. నేను పైన తిరిగే ఫ్యాను చూశాను.

"ఆలోచిస్తాం," అన్నాడు.

"ఆలోచించండి. మేం ఇక్కడే కూర్చుంటాం. నాకు పగలు నిద్ర మానడం అలవాటే, మీ పుణ్యమా అని."

ఆ రోజు ఏమీ తేలలేదు. ఆ తర్వాత కూడా పిల్లలు ఆఫీసుకు వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. మా ఆవిడ బట్టీ నుంచి రొట్టెలు పంపేది. మీట వచ్చేదాకా స్తంభం దగ్గర దరువు ఆగలేదు. కాకపోతే దీపం చూసే పని నాకు పడింది. కిటికీలోంచి "పచ్చ" అనేవాణ్ణి, "ఎరుపు" అనేవాణ్ణి. బతుకంతా దాచుకున్న గొంతు ఆ రెండు మాటలకే ఖర్చయింది. మసక కింద నిలబడి, "కాస్త గట్టిగా పెదనాన్నా, ఊఁ అన్నట్టే ఉంది," అనేవాడు. లీడరమ్మ మాత్రం మళ్ళీ ఆలస్యం కాలేదు.

చివరికి రెండు గట్ల మీదా డబ్బాలు బిగించారు, మీట మాత్రం ఒకటే పెట్టారు. మా వైపు గట్టుకే. అవతలి గట్టుకు వచ్చే విడతలో అన్నారు. అందుకని సాయంత్రం లీడరమ్మ అవతల నిలబడి "పెదనాన్నా!" అని కేకేస్తుంది. నేను దిగి మీట నొక్కుతాను. నొక్కితే రెండు గట్లూ మోగుతాయి. నొక్కి ఊరికే నిలబడతాను. తేనెరంగు ఎండలోంచి ఆ చప్పుడు పట్టుకుని ఆమె నా వైపు నడిచి వస్తుంది. ఒక్కోరోజు ఆమె వెనక ఇంకో రెండు కర్రలు. ఆ విడత ఎప్పుడని అడగడానికి పిల్లలు ఇంకా ఆ ఆఫీసు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు.

పొద్దున మా ఆవిడ పడుకున్నాక టిక్కుటిక్కు వస్తుంది. కళ్ళు తెరవదు.

"ఎవరు?"

"లీడరమ్మ."

"దాటిందా?"

"దాటింది."

అప్పుడు అటు తిరిగి పడుకుంటుంది. ఆ మాట వినకపోతే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

నిన్న పొద్దున నేను చెప్పకముందే నిద్రపోయింది. చప్పుడు ఆగిపోయాక కూడా దుప్పటి కింద ఆమె పాదాలు మెల్లగా కదులుతున్నాయి. ఒకటి తర్వాత ఒకటి.

"ఏంటే?" అన్నాను.

"వీళ్ళతో పాటు నేనూ దాటుతున్నా," అంది, ఎక్కడో దూరం నుంచి.

"అవతల ఏముంది?"

"ఇంకా చేరలేదు. మాట్లాడించకు."

నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఆమె పాదాలతో పాటు, నిదానంగా.