ముందే చెప్పాల్సిన మాట

సుభాషిణి విడవలూరు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో నీళ్లు పరీక్ష చేస్తుంది. ఇరవై ఆరేళ్లు. డేటింగ్ యాప్‌లో ‘బైసెక్సువల్’ అని ఉన్నది ఉన్నట్టు రాసుకున్నందుకు ఇద్దరమ్మాయిలు మాట్లాడటం మానేశారు. ఒకామె అయితే ‘మగాణ్ని పెళ్లి చేసుకునేదాకా కాలక్షేపానికా?’ అని అడిగి బ్లాక్ చేసింది. అందుకే ఆ మాట తీసేసి ‘లెస్బియన్’ అని పెట్టింది. నవోమి పలకరించింది ఆ తర్వాతే.

నవోమి సూళ్లూరుపేటలో నర్సు. రెండు నెలలు మెసేజీలు రాసుకున్నాక, తమను ఎవరూ ఎరగని చోటని నాయుడుపేటలో కలుద్దామనుకున్నారు. ఇంట్లో నెల్లూరుకని చెప్పి బయల్దేరింది సుభాషిణి.

బస్సెక్కాక అనుమానాలు మొదలయ్యాయి. నవోమి ఒక్క ఫోటో కూడా పంపలేదు. ఆ పేరుతో ఎవడైనా మగాడు వస్తే? తనను ఫోటో తీసి హేచరీ వాట్సాప్ గ్రూపులో పెడితే? చిల్లకూరు దగ్గర దిగిపోదామని లేచింది కూడా. కండక్టర్ అదోలా చూస్తే మళ్లీ కూర్చుంది.

బస్టాండు పక్క హోటల్లో, ముందే అనుకున్న మూల బల్ల దగ్గర నవోమి నిజంగానే ఉంది. చున్నీ మొహానికి చుట్టుకుని, వాకిలి వైపే చూస్తోంది. భయం తనొక్కదానికే కాదని సుభాషిణికి అప్పుడు తెలిసింది.

కాఫీ వచ్చాక నవోమి అడిగింది. “నువ్వెప్పుడన్నా మగపిల్లోడిని ప్రేమించినావా?”

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

“డిగ్రీలో. ముఖేష్ అని. రెండేళ్లు. నిజంగానే ఇష్టపడినాను. నువ్వన్నా నిజంగానే ఇష్టం. యాప్‌లో మార్చి రాసినాను. ముందే చెప్పాల్సింది.”

నవోమి గ్లాసు పక్కకు జరిపింది. “నీ మాదిరే ఒకామె ఉండేది నాకు. పెళ్లయినాక ఆమె మొగుడు నా మెసేజీలన్నీ ప్రింటు తీయించుకోని నేను పనిచేసే చోటికొచ్చినాడు. ఆ ఉద్యోగం పోయింది. మీ మాదిరోళ్లంటే కోపం లేదు నాకు. భయం.”

“మా ఇంట్లోవాళ్లు రేపు ఏం చేస్తారో నాకు తెలీదు. నీకు మాత్రం ఇంక అబద్ధం చెప్పను.”

లేచి వెళ్లిపోతుందనుకుంది సుభాషిణి. నవోమి ఫోన్ బల్ల మీద పెట్టింది. “రాసుకున్నవన్నీ తీసేద్దాం. నువ్వు కూడా, నా ఎదురుగానే.”

రెండు నెలల మాటలు రెండు నిమిషాల్లో పోయాయి. నవోమి చల్లారిన కాఫీ తాగింది. బస్సెక్కించాక కిటికీలోంచి సుభాషిణి చెయ్యి పట్టుకుంది. “వచ్చే ఆదివారం కూడా రా. ఈ ఊరు వద్దు, కాళహస్తికి.”

సాయంత్రం ఇల్లు చేరేసరికి తల్లి పోలేరమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. తలెత్తకుండానే అంది. “నెల్లూరని కదా చెప్పి పోయినావు. పక్కింటి ఓబయ్య ఏదో పెళ్లికి పోయి, నాయుడుపేట బస్టాండులో చూసినాడంట నిన్ను, ఫోన్ చేసి చెప్పినాడు. ఎవరో పిల్ల నీ చెయ్యి పట్టుకోని ఉండిందంట.”

“నర్సు, అమ్మా. తెలిసిన పిల్ల.”

“ఒకసారి ఇంటికి తోడుకోని రా. చూస్తాను.”

అది పిలుపో, విచారణో సుభాషిణికి అంతుబట్టలేదు. అడుగుదామనుకునే లోపలే పోలేరమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. సుభాషిణి గడప మీదే కూర్చుండిపోయింది.