మునిగిన ఊరి ఊపిరి

ఆత్మకూరులో వరదమ్మ ఇంట్లో తెల్లవారితే మొదటి పని నీళ్లు మరగబెట్టడం. తర్వాత గచ్చంతా తుడిచి, మూతికి గుడ్డ కట్టుకుని, కూతురు షైనీ చేత మాత్రలు మింగించేది. ఉదయగిరి బళ్లో టీచరుగా ఉండగా షైనీ ఊపిరితిత్తులు పాడైతే, మద్రాసులో ఎవరో చనిపోయినాయనవి తీసి పెట్టినారు.

"మొదటి నెలలే గండమమ్మా. కొత్తవాటి మీద ఒళ్లు తిరగబడొచ్చు. మనుషుల్ని దగ్గరికి రానీయొద్దు, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం మానొద్దు," అని చెప్పి పంపినాడు డాక్టరు.

మనుషులు రాకుండా ఎట్లుంటారు? షైనీ ఊపిరి వదిలితే సోమశిల డ్యాము నీళ్ల కింద పోయిన ఊరి వాసన వచ్చేది. పెన్నలో చెలమ తోడిన తడి ఇసుక, గానుగలో నలిగే నువ్వులు, కాల్చిన తేగలు. ఇచ్చిపోయినాయన ఆ ఊరోడే అయ్యుంటాడనుకున్నారు అందరూ. ఇళ్లొదిలి వచ్చిన ముసలోళ్లు పొద్దున్నే వచ్చి గడప ముందు నిలబడేవాళ్లు.

"లోపలికి మాత్రం రావద్దు. రోగం అంటితే నా బిడ్డ తట్టుకోలేదు," అనేది వరదమ్మ.

షైనీకి మనసొప్పలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. వాళ్లు వీధికి అవతల నిలబడితే, కుట్లు లాగుతున్నా గుండెలనిండా పీల్చి వదిలేది. "మా వసారా" అనేవాళ్లొకరు, కళ్లు మూసుకుని.

ఒకరోజు వెంగమ్మ అనే ముసలామె మొహం చిట్లించింది.

"పాపా, ఈ పొద్దు వాసన వేరేగా ఉండాది."

"ఎట్లుండాది అవ్వా?"

"మా ఊళ్లోకి నీళ్లొచ్చిననాటి వాసన. పొయ్యిలో బూడిద నానిన వాసన. నువ్వు మద్రాసు పో."

షైనీకి జ్వరం లేదు, ఆయాసం లేదు.

"వచ్చేవారం ఎట్లాగూ పోవాల గదా," అంది వరదమ్మ.

"మేమూ అట్లనే అనుకున్నాం, రేపు పోదాంలే అని."

వరదమ్మ అప్పటికప్పుడే కారు పిలిపించింది.

మద్రాసులో ఊపిరితిత్తుల్లోంచి చిన్న ముక్క తీసి చూసినారు. ఒళ్లు తిరగబడడం అప్పుడే మొదలైంది. మందు పెంచి, సూదులేసి అణిచినారు. వారం ఆగుంటే తమ చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు.

తిరిగొచ్చినాక షైనీ ఊపిరికి ఏ వాసనా లేదు. ఆ ఊపిరితిత్తులు ఇప్పుడు ఆమెవే అయిపోయినాయి. వీధికి అవతల నిలబడినవాళ్లను చూడలేక తల దించుకుంది.

"పోనీలే పాపా," అంది వెంగమ్మ. "ఈసారి మనిషన్నా మిగిలింది."

షైనీ తలెత్తింది.

"ఊరెట్లుండేదో చెప్పవ్వా."

వెంగమ్మ అక్కడే మట్టిలో చతికిలబడి, ఏట్లోంచి ఊళ్లోకెక్కే బాట దగ్గర మొదలుపెట్టింది.